వేటతుపాకికి వేగపు తూటా



ఈ పూట నేను మాటలాడబూనిన విషయము విని మీలో కొందఱు నవ్వవచ్చును. “ఎనుబది యేండ్లకు చేరువైన యీ ముసలివానికి తుపాకుల ముచ్చట యేల? 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట మన దేశమున వేట యెక్కడిది?” అని యడుగవచ్చును. ఆ మాట నిజమే. నేను తుపాకి విడిచి యేబది యేండ్లు దాటినది. దానికై నేను విచారించుటయు లేదు. మన యడవులలో మిగిలిన మృగములు బ్రతుకవలెననియే నా కోరిక.

అయినను ఈ విషయము నాకు తిరిగి జ్ఞప్తికి వచ్చుటకు కారణము మా మనుమడు వ్రాసిన యొక జాబు. మీలో ఎందఱి పిల్లలో అమెరికాలో నున్నట్లే వాడును టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. ఆ రాష్ట్రమున అడవిపందుల బాధ మిక్కుటము. ఒకప్పుడు ఐరోపావారు తెచ్చిన పెంపుడుపందులు అడవి పట్టి, వేటకై తెచ్చి విడిచిన అడవిపందులతో కలిసి, చేలను కుళ్లగించుచున్నవి. అచ్చట చట్టము వానిని వేటాడనిచ్చును. మావాడు స్నేహితుల ప్రోత్సాహమున వేటవిద్యలో పాఠములు చదివి, పరీక్ష యిచ్చి, పత్రము పొంది, ఒక రైఫిలు కొనెను. పిదప తూటాలు కొనుటకు దుకాణమునకు పోయి దిగ్భ్రమ చెందెను. ఒకే తుపాకికి నలువది యేబది రకముల తూటాలు! నాకిట్లు వ్రాసినాడు: “తాతగారూ, అన్నిటికంటె వేగముగా పోవు తూటా కొనుమని దుకాణదారు చెప్పుచున్నాడు. వేగమెంత హెచ్చయిన నంత మంచిదట. మీరు ఒకప్పుడు వేటాడినవారు గదా, మీరేమందురు?”

ఆ జాబు చదివినంతనే నాకు మా మేనమామగారు కన్నులకు కట్టినారు. ఆయనయు అఱువదియేండ్ల క్రిందట ఆ మాటయే నమ్మి యొక తుపాకి కొనినారు. మనుమనికి నేను వ్రాసిన బదులునే ఈనాడు మీకును వినిపించెదను. వేట యెఱుగనివారికిని ఇందులో నుపయోగమున్నదని నా నమ్మకము. పంటలపై పడు అడవిపందులను చంపుటకు అటవీశాఖవారి యనుమతితో తుపాకీదారు మీ యూరికి వచ్చినప్పుడు, అతని నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ ప్రశ్నయే నా యుపన్యాసమునకు సారము.

మొదట తూటా యన నేమో చెప్పెదను. ఇత్తడితో చేసిన గుల్ల, దాని యడుగున నిప్పు పుట్టించు కేపు, లోపల మందు, మూతివద్ద గుండు. కేపుపై సూది కొట్టగనే మందు అంటుకొని, అమితమైన ఆవిరి పుట్టి, గుండును గొట్టమునుండి వెళ్లగొట్టును. గొట్టములోని మెలికచాళ్లు గుండును బొంగరమువలె త్రిప్పును. అట్లు తిరుగుటచేతనే అది తలక్రిందులు కాక సూటిగా పోవును. గుండు బరువును గ్రెయినులలో చెప్పుట వాడుక. ఏడువేల గ్రెయినులు ఒక పౌను. ఒక గ్రాము పదునైదు గ్రెయినులకు కొంచెము పైబడును. గుండు వేగమును సెకనునకు ఇన్ని యడుగులని చెప్పుదురు.

నల్లమందు కాలములో రైఫిలు గుండు సెకనునకు వేయి మొదలు పదునెనిమిది వందల యడుగుల వఱకు పోయెడిది. పందొమ్మిదవ శతాబ్ది చివర పొగలేని మందు వచ్చినది. దానితో గుండు రెండువేల యడుగులు దాటినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమునకు రెండువేల ఏడువందలు. 1925లో అమెరికాలో వెలువడిన 0.270 అంగుళముల తూటాతో మూడువేలు దాటినది. తుపాకులు చేయువారు పత్రికలలో ఈ యంకెలనే పెద్ద యక్షరములతో ప్రకటించిరి. గుఱ్ఱముల కొనువాడు పరుగు చూచినట్లు, తుపాకి కొనువాడు ఈ యంకె చూడ మొదలుపెట్టెను.

వేగమువలన మేలు లేదని నేననను. మేలున్నది, అది యెట్టిదో చూడుడు. గుండు గొట్టము విడిచిన క్షణమునుండియే భూమి దానిని క్రిందికి లాగుచుండును. చెట్టునుండి రాలిన మామిడిపండు ఎంత వడిగా క్రిందికి పడునో, ఎంత వేగపు గుండైనను అంత వడిగానే పడుచుండును. వేగము ఆ పాటును ఆపజాలదు. గుఱి చేరు కాలమును మాత్రము తగ్గించును. సెకనునకు 2,700 అడుగులు పోవు గుండు రెండువందల గజముల దూరము చేరుటకు సుమారు పావుసెకను పట్టును. అంతలో అది పదునొకండు అంగుళములు క్రిందికి దిగును. 2,000 అడుగుల గుండునకు అదే దూరము సెకనులో మూడవ వంతు. అది దాదాపు ఇరువదియొక యంగుళములు దిగును. దూరము సరిగా అంచనా వేయలేనివానికి ఈ పదియంగుళముల తేడా గొప్పదే. విశాలమైన బయళ్లలో, కొండవాలులపై, మున్నూఱు గజములకు అవతలనున్న మృగమును గుఱిచూచు దేశములలో వేగమును వెదకుట న్యాయము.

కాని నూఱు గజములలో ఆ తేడా యెంత? ఒకటి రెండున్నర అంగుళములు, మఱియొకటి అయిదంగుళముల లోపు. రెండున్నర అంగుళముల లాభము! మంచెమీద కూర్చుండి, నలువది గజములలో చేనిలోనికి వచ్చిన పందిని కొట్టువానికి ఆ లాభముతో పని యేమి? మన పల్లెల వేట యంతయు అట్టిదే. అచ్చట పనికి వచ్చునది వేఱొకటి. దానిని నేను నేర్చుకొన్న విధము చెప్పెదను.

మాది నల్లమల కొండల చెంత నొక పల్లె. 1964వ సంవత్సరమున నాకు పదునెనిమిదేండ్లు. ఆనాడు వేట చట్టసమ్మతము. పంటరక్షణకై లైసెన్సుతో తుపాకి యుంచుకొనువారు ప్రతి యూరను ఒకరిద్దఱుండిరి. మా మేనమామగారు మద్రాసు పోయి, ఒక దుకాణమున, చూడ ముచ్చటయైన సన్నగొట్టపు రైఫిలు నొకదానిని కొనితెచ్చిరి. గుండు కొలత 0.22 అంగుళము. బాలురు అట్టముక్కలపై గుఱి నేర్చుకొనుటకు వాడు చిన్న తుపాకితో దీనిని పొరపడకుడు. కొలత యొకటే యైనను దీని తూటాలోని మందు మెండు. గుండు బరువు 70 గ్రెయినులు. వేగము 2,800 అడుగులు. “పెద్దపులినైనను పడగొట్టును” అని దుకాణదారు చెప్పెనట. చీనా దేశమున నొక మతప్రచారకుడు అట్టి తూటాతో నిజముగనే పులులను చంపెను కూడ. ఆ కథ విని మా మామ మురిసిపోయినారు.

మాకు అడవిదారి చూపు చెంచు వృద్ధు డొకడుండెను. అతడు ఆ తూటాను అరచేత పెట్టుకొని, అటునిటు త్రిప్పి చూచి, “సామీ, గుండు చురుకైనదే. పంది మొండిది” అని మాత్రము పలికి, తిరిగి ఇచ్చివేసెను. మా మామ నవ్వినారు. నేనును నవ్వితిని.

జొన్న పాలుపట్టిన దినములు. వెన్నెలరాత్రి. మా చేని మంచెపై మామయు నేనును కూర్చుంటిమి. జాముపొద్దు గడచిన పిమ్మట గొప్ప మగపంది యొకటి చేనిలోనికి వచ్చి, ముప్పదియైదు గజముల దూరమున, మాకు ప్రక్క చూపి నిలిచెను. మామ గుఱి మంచిది. ముందుకాలి పైన, భుజముమీద గుండు తగిలిన చప్పుడు నేను చెవులార వింటిని. పంది మోకాళ్లపై కూలెను. “అయిపోయినది!” అని మామ యనుచుండగనే అది లేచి, వాగువైపు పరుగెత్తిపోయెను.

తెల్లవారి నెత్తురు జాడ చూచితిమి. ప్రారంభమున కొన్ని చుక్కలు. పిదప ఆకులపై మరకలు. వాగు దాటిన పిమ్మట ఏమియు లేదు. చెంచువృద్ధుడు మధ్యాహ్నము వఱకు వెదకి, “అది చావలేదు సామీ. ఈ నాలుగు దినములు ఎవరిని వాగు వైపు పోనీయకుడు” అనెను. మామ ఊరిలో చాటింపు వేయింతుమనుకొనిరి. కాని ఆ దినము ఏదో పనిపడి ఆ మాట మఱుగుపడినది. మఱునాటి యుదయమున మా యింటి పాలేరు పచ్చిక కోయుటకు వాగుగట్టునకు పోయెను. పొదలోనుండి ఆ పంది వెలువడి, అతని తొడను కోరతో చీల్చినది. నలుగురు మోసికొని వచ్చునప్పటికి అతనికి తెలివి లేదు. కర్నూలు ఆసుపత్రిలో రెండు నెలలుండి ప్రాణముతో వచ్చెను గాని, ఆ కాలు మరల చక్కబడలేదు. బ్రతికిన దినములన్నియు అతడు కుంటుచునే నడచెను.

ఆ పందిని పొరుగూరి రైతు తన 0.315 అంగుళముల రైఫిలుతో అదే వాగువద్ద చంపెను. చెంచువృద్ధుడు దానిని కోసి, మా మామను పిలిచి భుజము చూపెను. మగపందికి మెడనుండి ప్రక్కల వఱకు తోలుక్రింద అంగుళము మందముగ నొక గట్టి పొర యుండును. మగపందులు ఒకదానితో నొకటి పోరాడునప్పుడు కోరపోటు లోనికి దిగకుండ ప్రకృతి యిచ్చిన కవచమది. మామ కాల్చిన గుండు ఆ కవచమును, దాని క్రింది కండను చీల్చి, ఎముక తాకి, పిండియైపోయినది. సీసపు రవ్వలు కండలో చల్లబడి యున్నవి. ఊపిరితిత్తులవఱకు ఒక్క ముక్కయు చేరలేదు. పైన అరచేయి పట్టునంతటి పుండు. లోపల గుండెకాయ చెక్కు చెదరలేదు.

మామ ఏమియు పలుకలేదు. ఆ రైఫిలును ఆ సంవత్సరమే వదలించుకొనిరి. పాలేరునకు ఎకరమున్నర మెట్టభూమి వ్రాసి యిచ్చిరి. “నేను గుఱి తప్పలేదురా అల్లుడా, ఎంపిక తప్పితిని” అని ఆయన తరువాత నెన్నోసారులు నాతో ననిరి. చాటింపు మఱచుటయు తప్పే యని ఆయన యనలేదు. అది నా తప్పుకూడ గనుక నేను ఇప్పుడు చెప్పుచున్నాను.

ఇక కారణము విచారింతము. మీరందఱు వడిసెల యెఱుగుదురు. చేనిపై వాలిన పక్షులను తోలుటకు మంచెపైనుండి త్రిప్పి విడుచు వడిసెలలో మట్టిగడ్డను పెట్టి కొట్టి చూడుడు. రాతిని పెట్టి కొట్టి చూడుడు. మెల్లగా విసరిన గడ్డ తగిలి దొర్లిపోవును. ఎంత వేగముగా త్రిప్పి విడిచిన నది తగిలినచోట నంత నుసియగును. వేగము హెచ్చినకొలది గడ్డకు నిలుకడ కావలెను. గుండును అంతే. సెకనునకు రెండువేల యడుగులు పోవుటకై చేసిన మెత్తని సీసపు గుండునే మూడువేల యడుగులు పరుగెత్తించినచో, అది మృగమును తాకగనే తన వేగమునకు తానే బలియగును.

బరువు సంగతియు చూడుడు. మామగారి గుండు 70 గ్రెయినులు, వేగము 2,800. రెండును హెచ్చవేసిన 1,96,000. పొరుగురైతు గుండు 244 గ్రెయినులు, వేగము సుమారు 2,000, హెచ్చవేసిన 4,88,000. రెండున్నర రెట్లు! ఖాళీబండి గట్టు దిగునప్పుడు ఎంత వడిగా పోయినను అడ్డకట్టెతో ఆపవచ్చును. ధాన్యపు బస్తాల బండి మెల్లగా దొర్లినను ఆపుట కష్టము. అడ్డము వచ్చినదానిని త్రోసికొని లోనికి పోవలెనన్నచో బరువుండవలెను, ఆ బరువు చెదరక యొక్కటిగా నుండవలెను.

ఇది మా పల్లెలో నేర్చుకొన్న పాఠమే కాదు. లోకము కూడ ఈ పాఠమును నెత్తురు చిందించి నేర్చుకొన్నది. 1907 ప్రాంతమున సర్ చార్లెసు రాసు అనునాయన 0.280 అంగుళముల రైఫిలు నొకదానిని వెలువరించెను. సుమారు 145 గ్రెయినుల గుండు, సెకనునకు మూడువేల యడుగులకు చేరువ. ఆ కాలమున కది యద్భుతము. గుఱిపందెములలో దానికి గొప్ప పేరు వచ్చినది. అప్పటి ఆంగ్ల విదేశాంగమంత్రి సర్ ఎడ్వర్డు గ్రే తమ్ముడు జార్జి గ్రే అను నతడు 1911లో తూర్పు ఆఫ్రికాలో, నైరోబీ సమీపపు బయళ్లలో, ఆ రైఫిలుతో సింహమును ఎదిర్చెను. అతడు వేటకు క్రొత్తవాడు కాడు. పైకి వచ్చుచున్న సింహమును దగ్గఱనుండి కొట్టెను, గుండ్లు తగిలెను. కాని అవి పైకండలోనే చితికిపోగా సింహము ఆగక అతనిని చీల్చినది. కొన్ని దినములకే అతడు మరణించెను. గుండు తగులుట వేఱు, గుండు పనిచేయుట వేఱు అని వేటగాండ్రు అప్పుడు గ్రహించిరి.

దీనికి ప్రతిగా మఱియొకని చూడుడు. స్కాట్లండు దేశీయుడు బెల్ అను నతడు ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను చంపెను. అందు పెక్కింటిని 0.275 అంగుళముల చిన్న తూటాతోనే కొట్టెను. దాని వేగము 2,300 అడుగులు మాత్రమే. కాని ఆ గుండు 173 గ్రెయినుల బరువు కలది, పొడవైనది, చుట్టును గట్టి లోహపు తొడుగు కలది, వంగదు, పగులదు. అతడు చచ్చిన ఏనుగు తలను ఱంపముతో కోయించి మెదడు ఎచ్చట నున్నదో చూచి నేర్చుకొన్నవాడు. అన్ని యేనుగులను చంపుట నేను మెచ్చను. అతని పని మనకు కావలసిన దృష్టాంతము కాదు. అతని తెలివి మాత్రమే దృష్టాంతము. నిలుకడగల గుండు, చోటు తెలిసిన కన్ను, ఈ రెండును ఉన్నచో వేగమునకై దేవులాడ పని లేదు.

అట్లని పగులని గుండే అన్నింటికి మంచిదనుకొనరాదు. దుప్పివంటి సన్నని మృగమును గట్టితొడుగు గుండుతో కొట్టినచో, అది సూదివలె దూసికొని అవతలకు పోవును. మృగము పడక, దూరముగ పోయి, దినములకొలది బాధపడి చచ్చును. కలకత్తా సమీపమున డమ్‌డమ్ అను చోటగల ఆయుధశాలలో పందొమ్మిదవ శతాబ్ది చివర ముక్కు తెఱచిన గుండ్లు చేసిరి. అవి దేహమున విచ్చుకొని పెద్ద గాయము చేయును. యుద్ధమున వానిని వాడరాదని 1899లో హేగు నగరమున రాజ్యములు ప్రకటన చేసినవి. మనుష్యులతో యుద్ధమున నిషిద్ధమైన ఆ విచ్చుగుండే వేటలో దయగలదిగా ఎంచబడుట వింతగా తోచును. కాని కారణము స్పష్టము. వేటలో మృగము క్షణములో ప్రాణము విడువవలెను; గాయపడి పోరాదు.

గాయపడి పోయిన మృగము ఏమి చేయునో చెప్పుటకు చంపావతు ఆడపులి చాలును. 1907లో కుమావూను కొండలలో జిమ్ కార్బెటు దానిని చంపెను. అంతకుముందు నేపాళములోను కుమావూనులోను అది చంపినవారు 436 మంది యని ఆయన వ్రాసెను. చచ్చిన పిమ్మట నోరు తెఱచి చూడగా కుడివైపు కోఱలు రెండును విఱిగియుండెను. పైది సగమునకు, క్రిందిది ఎముకవఱకు. అది యెప్పుడో ఎవడో కొట్టిన తుపాకిదెబ్బ యని ఆయన నిర్ణయము. కోఱలు లేక అడవిమృగములను పట్టలేక అది మనుష్యులపై పడినది. 1938లో ఆయన చంపిన థాక్ ఆడపులి దేహమునను పాత తుపాకిగాయములు రెండుండెను. భుజముపైది చీముపట్టి, అదియే దానిని నరభక్షకిగా మార్చినదట. ఆ దెబ్బలు కొట్టినవారి పేర్లు లోకమునకు తెలియవు. వారు ఇండ్లకు పోయి నిద్రించియుందురు. వారి యప్పును గడ్డి కోయబోయిన యాడువారు తీర్చిరి. మా పాలేరు కాలు జ్ఞప్తికి వచ్చినప్పుడెల్ల నాకీ సంగతి తోచును.

కావున పైన విచ్చుకొనుచు, లోన చెదరక పోవు గుండు కావలెను. ఈ రెండు గుణములను ఒకచోట కూర్చుటకు పెక్కండ్రు పాటుపడిరి. 1946లో జాన్ నోస్లరు అను నమెరికా దేశీయుడు కెనడా యడవిలో, బురద పట్టిన మూసు అను పెద్ద దుప్పిని, మిక్కిలి వేగముగల తూటాతో దగ్గఱనుండి పలుమారులు కొట్టెను. గుండ్లు లోనికి దిగకుండనే పగిలినవి. అతడు ఇంటికి వచ్చి ఆలోచించి, గుండు నడుమ నొక రాగిగోడ కట్టెను. గోడకు ముందటి సీసము విచ్చుకొనును. వెనుకటి సీసము గోడచాటున చెదరక ముందుకు పోవును. 1948 నుండి ఆ గుండును అమ్మిరి, నేటికిని వాడుదురు. పిదప సీసమును తొడుగునకు అతికించినవియు, సీసమే లేక అంతయు రాగితో చేసినవియు వచ్చినవి. ఇట్టి గుండ్లకు వేగము శత్రువు కాదు. అందుచేతనే నేటి వేటగాడు మూడువేల యడుగుల తూటాను నిర్భయముగ కొనవచ్చును, గుండు నిర్మాణము చూచి కొనినచో.

రాగిగుండ్లకు వేఱొక కారణము కూడ కలదు. సీసము విషము. వేగపు సీసపుగుండు పగిలినప్పుడు కంటికి కనబడని రవ్వలు గాయమునుండి చాల దూరము చల్లబడును. ఆ మాంసము తిన్న పిల్లలకు హాని. వేటగాడు విడిచిపోయిన ప్రేగులు తిన్న రాబందులకు చావు. కాలిఫోర్నియాలో కాండొరు అను గొప్ప రాబందుజాతి ఇందువలన నశింపనుండగా, అచ్చటివారు 2013లో చట్టము చేసి, 2019 జులై 1 నుండి వేటలో సీసపుగుండ్లను పూర్తిగా మాన్పించిరి.

ఇప్పుడు మనుమనికి వ్రాసిన బదులు చదివెదను.

“నాయనా, మొదట నీ తుపాకిగొట్టముపై చెక్కిన పేరు చదువుము. ఆ పేరుగల తూటా తప్ప వేఱొకటి, లోనికి దూఱినను సరే, పెట్టరాదు. రెండవది, నీవు కొట్టు మృగమును, ఎంత దూరమున కొట్టుదువో ఆ దూరమును తలచుకొనుము. పొదలలో నూఱు గజముల లోపల పందిని కొట్టువాడవు గనుక నీకు వేగపుటంకెతో పని తక్కువ. మూడవది, నీ తుపాకి కొలతకు దొరకు గుండ్లలో మిక్కిలి తేలికదానిని విడిచి, నడిమి బరువుదో అంతకు పైదో తీసికొనుము. పెట్టెపై పందికి, పెద్దదుప్పికి తగునని వ్రాసియున్నదో లేదో చూడుము. నక్కలకును ఉడుతజాతులకును చేసినవి పలుచని గుండ్లు, వేగము హెచ్చు. అవి నీకు పనికిరావు. నాలుగవది, రెండుమూడు రకములు కొని, ఆనుదిండు పెట్టుకొని అట్టముక్కపై కాల్చి చూడుము. ఒక్కొక్క గొట్టమున కొక్కొక్క తూటా నచ్చును. నచ్చినదానినే వాడుము, గుఱికి ఒకటి వేటకు ఒకటి పెట్టుకొనకుము. అయిదవది, వేగము హెచ్చగు తూటా వెనుకకు తన్నుట కూడ హెచ్చు. ఆ తన్నునకు వెఱచి కన్నుమూసి మీట నొక్కువానికి ఏ గుండును మేలు చేయదు. ఆఱవది, తూటాలను ఎండలో నుంచకుము. వేడికి మందు ఉగ్రమై గొట్టములో ఒత్తిడి పెరుగును. పూర్వము ఇంగ్లండువారు మన దేశమునకు పంపు తూటాలలో ఇందుకొఱకే మందు తగ్గించెడివారు. ఏడవది, రైఫిలుగుండు తప్పినచో రెండు మూడు మైళ్లు పోగలదు. వెనుక మట్టిగట్టు లేనిచో కొట్టకుము. కడపటిది, నమ్మకము లేనిచో మీట నొక్కకుము. కొట్టిన పిదప జాడ విడువకుము. వెదకుట ముగియకుండ భోజనమునకు రాకుము.”

వాడు బదులు వ్రాసినాడు. దుకాణదారు చూపిన వేగపుతూటాను విడిచి, 0.30 అంగుళముల తన రైఫిలునకు 180 గ్రెయినుల గుండు కొనెనట, వేగము 2,700. ఆ బరువుతో ఆ వేగము చాలునని నేనును సంతోషించితిని.

పెద్దలారా, ఇక మన సంగతి. మన దేశమున నేడు పంది చేనిలో పడినదని ఎవరికి వారు తుపాకి యెత్తరాదు. నాటుబాంబులు, కరెంటుతీగలు పెట్టుట నేరము. మనుష్యులు, పశువులు కూడ వానివలన చచ్చుచున్నారు. 1972 చట్టము 11వ సెక్షను ప్రకారము, మనుష్యుల ప్రాణమునకో పంటలకో హాని చేయు మృగము విషయమున అధికారము గల అటవీయధికారి వ్రాతమూలముగ అనుమతి యీయవచ్చును. మీరు అర్జీ పెట్టుకొనుడు. అనుమతిపత్రముతో తుపాకీదారు వచ్చినప్పుడు అతని తుపాకి తళుకు చూచి మురియకుడు. “అయ్యా, మీ గుండు పందికవచము దాటి లోనికి పోవునా? గాయపడి పోయినచో వెదకువరకు మీరుందురా?” అని యడుగుడు. ఇదియే నేను మొదట చెప్పిన ప్రశ్న. రెండవ మాటకు అవునని చెప్పనివానిని మీ పొలిమేర దాటనీయకుడు. అతడు కొట్టినంతనే ఊరంతయు చాటింపు వేయింపుడు; మఱునాటికి వాయిదా వేయకుడు.

ఆ పాలేరు పోయి ఇప్పటికి ఇరువది యేండ్లయినది. అతని కుమారులు ఆ యెకరమున్నర నేటికిని సేద్యము చేయుచున్నారు. ఆ చేనిగట్టున నడచునప్పుడెల్ల నాకు మామగారి మాట వినబడును: గుఱి తప్పలేదు, ఎంపిక తప్పినది.